జెనీవాకు ముందు ముత్తుకూరు



అమ్మణ్ణీ, నీ ఎం.ఏ. చివరి ఏడాదిలో పడింది. "అంతర్జాతీయ సంస్థల మీద చదువుతున్నానంటుంది. ఆ సంస్థలకే డబ్బుల్లేవని టీవీలో చెబుతున్నారు. ఈ పిల్ల గతేంది బావగారూ?" అని మీ అమ్మ మొన్న నన్ను నిలదీసింది. నువ్వూ ఫోన్లో అదే సంగతి తిప్పి తిప్పి అడిగావు. పీహెచ్‌డీకి పోవాలా, ఇంటర్న్‌షిప్‌లకు రాయాలా, అన్నీ మానేసి గ్రూప్స్‌కు కూర్చోవాలా అని. ఫోన్లో తేలే సంగతి కాదిది. నెల్లూరు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, నాలుగు దేశాలకు పోయిన శిష్యుల కష్టసుఖాలు విన్నవాణ్ణి కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను. పనికొచ్చింది తీసుకో, మిగతాది వదిలెయ్.

ముందు చేదు మాట చెప్పేస్తాను. మీ అమ్మ భయం ఉత్తది కాదు. 2025 జనవరిలో అమెరికా ప్రపంచ ఆరోగ్య సంస్థ నుంచి తప్పుకుంటానంది. జులైలో యునెస్కోకూ అదే కబురు పంపింది. ఐక్యరాజ్యసమితి ఎనభయ్యో ఏట 'యూఎన్ 80' అని పేరు పెట్టుకుని ఖర్చులకూ ఉద్యోగాలకూ కత్తెర పట్టింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో అప్పీళ్లు వినే ధర్మాసనానికి కొత్త సభ్యులను వేయనివ్వకుండా అమెరికా అడ్డం పడేసరికి, 2019 డిసెంబరు నుంచి అక్కడ అప్పీలు వినేవాళ్లే లేరు. కింది తీర్పు నచ్చని దేశం పైకి అప్పీలు పడేసి చేతులు దులుపుకోవచ్చు. ఇలాంటి రోజుల్లో నీకు జెనీవాలో కుర్చీ ఖాయమని ఎవడైనా చెబితే వాడికి నీ నుంచి ఏదో కావాలని అర్థం.

అయితే కుర్చీలు తగ్గుతున్నంత మాత్రాన నిబంధనలు తగ్గడం లేదు. చేపల వేటకు ప్రభుత్వాలు ఇచ్చే సబ్సిడీల మీద వాణిజ్య సంస్థ 2022 జూన్‌లో కుదుర్చుకున్న ఒప్పందం 2025 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. ఏ దేశానికీ చెందని నడిసముద్రంలోని జీవజాలాన్ని కాపాడే మరో ఒప్పందం 2023లో ఖరారై, 2026 జనవరిలో అమలుకు వచ్చింది. దాని మీద మన దేశం 2024 సెప్టెంబరులో సంతకం పెట్టింది. రెండూ సముద్రం గురించే. మన తీరాన మైపాడు నుంచి తూపిలిపాళెం దాకా వల మీద బతికేవాళ్లలో ఈ రెండింటి పేరు విన్నవాళ్లెందరుంటారు? వాళ్లకు అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్లు జిల్లా కేంద్రంలోనైనా ఎందరున్నారు? ఉద్యోగాల లెక్క నాకొద్దు, ఈ లెక్క చూడు. నీ చదువుకు పని ఉందో లేదో అదే చెబుతుంది.

అందుకే నా మాట ఒక్కటే. దరఖాస్తులు నింపడానికి ముందు ఒక విషయాన్ని నీ సొంతం చేసుకో. ఆ విషయాన్ని మన తీరం నుంచే తీసుకో. ఊరి మీద మమకారంతో అంటున్నానని అనుకోవద్దు. ఇందులో మమకారం కంటే లెక్కే ఎక్కువ. "అంతర్జాతీయ పాలనపై నాకు అమితాసక్తి" అని దరఖాస్తు మొదటి వాక్యంలో రాసే పిల్లలు వేలల్లో ఉంటారు. వాళ్లలో చాలామంది నీకంటే మంచి ఇంగ్లీషు రాస్తారు, నీకంటే పెద్ద పేరున్న యూనివర్సిటీల నుంచి వస్తారు. కానీ ఒక ఆహార నిబంధన రోమ్‌లో పుట్టి ముత్తుకూరు రొయ్యల గుంట గట్టు మీదకి ఎలా దిగుతుందో మొదటి నుంచి చివరి దాకా చెప్పగలిగినవాళ్లు వాళ్లలో ఎందరు? నువ్వు చెప్పగలవు. చెప్పగలిగేటట్టు తయారవ్వాలి.

ఆ గట్టు మీదకే తీసుకుపోతాను రా. మీ నాన్న గుంటలో పట్టుబడికి ముందు ఏం జరుగుతుందో చిన్నప్పటి నుంచి చూశావు. చెక్ ట్రే ఎత్తి మేత మిగిలిందా అని చూస్తారు, నాలుగు రొయ్యలను తూచి కిలోకు ఎన్నో కౌంటు కడతారు. శాంపిల్ ఐసులో పెట్టుకుని నెల్లూరులో సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఎంపెడా వాళ్ల ల్యాబుకు పరిగెత్తుతారు. క్లోరామ్‌ఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి మందుల జాడ లేదని కాగితం వస్తేనే యూరప్‌కు పోయే సరుకుగా కొంటారు. రాకపోతే ధర మారిపోతుంది. కొనేవాడి ఫోను కోసం కాచుకుని కూర్చున్న మీ నాన్న ముఖం నీకు గుర్తుండే ఉంటుంది.

ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చింది? ఆహారంలో ఏ మందు ఎంత మిగలొచ్చో చెప్పే ప్రమాణాలను రోమ్‌లోని ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏవో), ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో పెట్టిన కోడెక్స్ కమిషన్ తయారు చేస్తుంది. 1995లో వాణిజ్య సంస్థ పుట్టినప్పుడు, ఆహార భద్రత మీద ఎవరైనా నిబంధన పెడితే దానికి కోడెక్స్ ప్రమాణమే కొలబద్ద అన్నారు. అంతకంటే గట్టి నిబంధన కావాలంటే శాస్త్రీయ ఆధారం చూపాలన్నారు. యూరప్ ఆ దారిలో తన నిబంధనలు తాను పెట్టుకుంది. 2016లో మన చెరువు రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. రోమ్, జెనీవా, బ్రసెల్స్, కొచ్చిలో ఎంపెడా, నెల్లూరు ల్యాబు, చివరికి మీ గుంట. ఇన్ని మజిలీల్లో ఎక్కడ ఎవరు నిర్ణయం తీసుకున్నారు, రైతు మాట ఏ మజిలీలో వినబడింది, ఏ మజిలీలో అసలు వినబడలేదు అన్నది ఒక థీసిస్. ఇప్పటిదాకా నువ్వు క్లాసులో చదివిన సిద్ధాంతాలన్నీ దీని మీద వేసి చూసుకోవచ్చు.

రెండో ఉదాహరణ నీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. తాబేలు-రొయ్య కేసు అంటే అంతర్జాతీయ వాణిజ్య న్యాయం చదివిన ప్రతివాడికీ తెలుసు. వలలో పడ్డ తాబేలు తప్పించుకునే పరికరం లేకుండా పట్టిన రొయ్యలు మాకొద్దని అమెరికా అంది. 1996లో ఆ ఆంక్షను ప్రపంచమంతటికీ చాపింది. భారత్, పాకిస్తాన్, మలేషియా, థాయ్‌లాండ్ కలిసి కేసు వేశాయి. 1998 అక్టోబరు 12న అప్పీళ్ల ధర్మాసనం ఇచ్చిన తీర్పు నువ్వు పూర్తిగా చదువు, సారాంశాలు చాలవు. తాబేళ్లను కాపాడటం తప్పు కాదంది. ఆ పేరుతో దేశాల మధ్య పక్షపాతం చూపడం తప్పంది. కరీబియన్ ప్రాంతపు దేశాలకు సర్దుకోవడానికి మూడేళ్లిచ్చి, ఆసియా దేశాలకు నాలుగు నెలలిచ్చారని ఎత్తి చూపింది. మనవాళ్లు గెలిచారని మన పత్రికలు రాశాయి, పర్యావరణం గెలిచిందని ఇంకొందరు రాశారు. రెండూ సగం సగం నిజాలే.

దాని కొనసాగింపు పాఠాల్లో అంతగా రాదు. సముద్రంలో పట్టిన మన రొయ్యలకు 2019 నుంచి అమెరికా తలుపు మూసే ఉంది. కారణం ఆ తాబేలు పరికరమే. గుంటలో పెంచిన రొయ్యలకు ఆ నిబంధన వర్తించదు, గుంటలో తాబేళ్లుండవు కాబట్టి. అంటే ఒకే తీరంలో, ఒకే ఊళ్లో, పడవ ఉన్నవాడికి మూసిన తలుపు గుంట ఉన్నవాడికి తెరిచి ఉంది. ఇది ఆ ఇద్దరి మధ్య ఆస్తిపాస్తుల్లో ఏం తేడా తెచ్చిందో వెళ్లి అడిగి రాయి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుక మీదకే గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ రోజుల్లో పడవలవాళ్లతో కూర్చుంటే మూడో పక్షమైన తాబేళ్ల మాట కూడా వినబడుతుంది.

2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసినప్పుడు ఏం జరిగిందో నీకు చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత అంకెలు ఎలా మారుతూ వచ్చాయో పేపర్లో చూస్తూనే ఉన్నావు. ఆ వారాల్లో రైతులు అడిగిన ప్రశ్న ఒకటే. "దీని మీద కేసు వేయడానికి చోటే లేదా సార్?" వాణిజ్య సంస్థలో చోటుంది, దాని పైకోర్టు పడకేసింది అని చెప్పాల్సి వచ్చింది. ప్రపంచ సంస్థ ఒకటి కుంటుపడితే ఆ నొప్పి ముందు ఎవరికి తగులుతుందో నీకు అంతకంటే పెద్ద పాఠం అక్కర్లేదు.

రొయ్య ఒక్కటే కాదు. 2004 డిసెంబరు 26 ఉదయం నువ్వు పుట్టావో లేదో, మన జాలరి కుప్పాల్లో మాత్రం ఆ రోజు మరిచినవాళ్లు లేరు. అప్పటికి హిందూ మహాసముద్రానికి సునామీ హెచ్చరిక వ్యవస్థే లేదు. 2007లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో హెచ్చరిక కేంద్రం మొదలైంది. యునెస్కో కింద పనిచేసే సముద్ర విజ్ఞాన కమిషన్ 2011లో భారత్, ఆస్ట్రేలియా, ఇండోనేషియాల కేంద్రాలకు మహాసముద్రం మొత్తానికి హెచ్చరికలు పంపే బాధ్యత ఇచ్చింది. అదే కమిషన్, సునామీకి సిద్ధంగా ఉన్న ఊరు అని గుర్తింపు ఇవ్వడానికి పన్నెండు కొలమానాలు పెట్టింది. 2020లో ఒడిశాలోని వెంకట్రాయిపూర్, నొలియాసాహి ఊళ్లకు ఆ గుర్తింపు దక్కింది. ఆ పన్నెండింటినీ చేత్తో పట్టుకుని మైపాడులోనో కోడూరులోనో ఇంటింటికీ తిరుగు. దారి చూపే బోర్డు ఉందా, సైరన్ పలుకుతుందా, ముసలమ్మకు ఎటు పరిగెత్తాలో తెలుసా? పారిస్‌లో కూర్చున్నవాళ్ల కొలమానం మన ఊరి ఇసుకలో ఎంతవరకు నిలబడుతుందో నీకంటే బాగా ఎవరు చెప్పగలరు?

దక్షిణానికి పోతే శ్రీహరికోట దీవి. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయినా మనం దాన్ని పరాయిదనుకోలేం. 2017 ఫిబ్రవరి 15న ఒకే రాకెట్ మీద 104 ఉపగ్రహాలు ఎగిరినప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం. వాటిలో 101 విదేశాలవి. 1972 నాటి బాధ్యతల ఒప్పందం ప్రకారం ఎవరి నేల మీద నుంచి ఎగిరిందో ఆ దేశమూ ప్రయోగ దేశమే. వాటిలో ఏదైనా ఎక్కడైనా నేల మీద పడి నష్టం చేస్తే జవాబు చెప్పేవాళ్లలో భారత్ కూడా ఉంటుంది. అంతరిక్ష న్యాయం మీద మాన్‌ఫ్రెడ్ లాక్స్ పేరుతో జరిగే మూట్ కోర్టు పోటీకి నీ లా స్నేహితులతో కలిసి జట్టు కట్టగలిగితే కట్టు. అదే దీవికి ఇంకో పక్క ఉంది. అక్కడి అడవిలో బతికిన యానాది గిరిజనుల సంగతి. గిరిజనుల భూమి గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 1957లో చేసిన 107వ ఒడంబడికను మన దేశం 1958లోనే ఆమోదించింది. 1989లో దాని స్థానంలో వచ్చిన 169వ ఒడంబడికను ఇంతవరకు ఆమోదించలేదు. రాకెట్ కేంద్రానికి దీవిని తీసుకున్నప్పుడు ఆ మొదటి ఒడంబడిక ఎవరికైనా గుర్తొచ్చిందా? పాత ఫైళ్లు వెతికితే తెలుస్తుంది. అడిగేవాళ్లు ఉండాలి గదా.

ఇన్ని చెప్పానని అన్నీ నెత్తిన పెట్టుకోకు. ఒకటి చాలు. వల కన్ను మరీ పెద్దదైతే చేపలు జారిపోతాయి. 'ప్రపంచ వాణిజ్య సంస్థ, అభివృద్ధి చెందుతున్న దేశాలు' అని టాపిక్ పెట్టుకుంటే నీ చేతికి ఏదీ చిక్కదు. 'నెల్లూరు రొయ్య రైతుల మీద పట్టుబడి ముందటి పరీక్ష ప్రభావం' అని పెట్టుకుంటే చిక్కుతుంది.

ఒక హెచ్చరిక. మన తీరం మీద పనిచేయమన్నానే గానీ, మన పక్షానే వాదించమనలేదు. రొయ్యల గుంటల ఉప్పునీటి వల్ల తాగునీరు, వరి పొలాలు పాడయ్యాయని ఏడ్చినవాళ్లూ మనవాళ్లే. ఆ ఫిర్యాదుల మీదే సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో తీరం వెంట గుంటలు తీసేయమంది. దాని తర్వాతే 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 1994లో తెల్లమచ్చ జబ్బు కొట్టినప్పుడు కుదేలైనవాళ్లు, 2009లో వనామీ రకం రొయ్య వచ్చాక కోలుకున్నవాళ్లు, రెండింటిలోనూ కూలి తప్ప ఏమీ లేనివాళ్లు, ముగ్గురినీ విను. మీ నాన్నకు నచ్చని మాట రాయాల్సి వస్తే రాయి. ఆయనకు నేను సర్దిచెబుతాను.

మన పెద్దలు ఈ దారిలో నడవనివాళ్లేం కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు మన జిల్లా ఊరిదే, వారి పెద్దలు అక్కడివాళ్లు. ఆయన 1946 నుంచి 1952 దాకా యునెస్కోకు వెళ్లిన మన ప్రతినిధి బృందాలకు నాయకుడు. 1948లో దాని కార్యనిర్వాహక మండలికి అధ్యక్షుడయ్యాడు. అప్పటి కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు 1996 నుంచి 2017 దాకా హాంబర్గ్‌లోని సముద్ర న్యాయస్థానంలో న్యాయమూర్తి, 1999 నుంచి మూడేళ్లు దానికి అధ్యక్షుడు. పెమ్మరాజు శ్రీనివాసరావు గారు 1987 నుంచి 2006 దాకా ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్ సభ్యుడు. ఒక దేశంలో చేసే ప్రమాదకరమైన పని పక్క దేశానికి నష్టం తేకుండా ఎలా చూడాలన్న నియమాలకు ముసాయిదా రాసింది ఆయనే. బంగాళాఖాతంలో సరిహద్దు కోసం మనకూ బంగ్లాదేశ్‌కూ నడిచిన తగువులో 2014 జులై 7న తీర్పు వచ్చింది. వివాదంలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు పోయాయి. తీర్పు చెప్పిన ఐదుగురిలో శ్రీనివాసరావు గారొకరు. మిగతావాళ్లతో ఏకీభవించని చోట విడిగా తన అభిప్రాయం రాశారు. అది చదువు. మర్యాద తప్పకుండా కాదనడం ఎలాగో నేర్చుకోవచ్చు.

2012లో కేరళ తీరాన ఇద్దరు జాలర్లను ఇటలీ నావికులు కాల్చి చంపిన కేసు నీకు తెలుసు. ఆ మధ్యవర్తిత్వ ధర్మాసనంలో మన దేశం నియమించిన సభ్యుడు మొదట చంద్రశేఖరరావు గారు, ఆయన తర్వాత శ్రీనివాసరావు గారు. 2020 నాటి తీర్పు నావికులను విచారించే హక్కు మనకు లేదంది గానీ నష్టపరిహారం మాత్రం ఇవ్వాలంది. చనిపోయినవాళ్లు వల మీద బతికే మామూలు మనుషులు. వాళ్ల ప్రాణానికి విలువ కట్టే గదిలో తెలుగువాళ్లు కూర్చున్నారు. ఆ ఇద్దరూ ఆ గదికి ఎలా వెళ్లారో చూడు. ఢిల్లీలో ఏళ్ల తరబడి ఫైళ్లు చదివి, నోట్లు రాసి, సందు సందునా తిరిగే ఒప్పందాల భాష ఒంటబట్టించుకుని వెళ్లారు. అడ్డదారి లేదు.

ఇక తలుపుల సంగతి. దగ్గర నుంచి దూరానికి చెబుతాను, నువ్వూ అదే వరుసలో తట్టు.

రైలెక్కితే కొన్ని గంటల్లో చేరే చెన్నైలో బంగాళాఖాత కార్యక్రమ అంతర్ ప్రభుత్వ సంస్థ ఉంది. 1979లో ఎఫ్ఏవో పథకంగా మద్రాసులో మొదలై, 2003లో భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు సభ్యులుగా సొంత సంస్థ అయింది. చిన్న జాలర్ల పడవలు, భద్రత, మత్స్య సంపద నిర్వహణ వాళ్ల పని. వాళ్ల పాత నివేదికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ముందు అవి చదివి, వాటిలో నీకు తోచిన ప్రశ్నతో ఉత్తరం రాయి. ప్రకటన వచ్చేదాకా కూర్చోకు. అడగందే అమ్మయినా పెట్టదు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్, దాని ఆవరణలోనే యునెస్కో గుర్తింపుతో నడిచే సముద్ర శిక్షణ కేంద్రం ఉన్నాయి. పటాన్‌చెరువులో 1972 నుంచి మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది, అది కూడా అంతర్జాతీయ సంస్థే అన్న సంగతి మన పిల్లలకు గుర్తుండదు. ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ, కాకుటూరులో విక్రమ సింహపురి యూనివర్సిటీ సముద్ర జీవశాస్త్ర విభాగం మీ ఇంటి పక్కనే. నీకు న్యాయం, రాజకీయం తెలుసు, వాళ్లకు నీళ్లు, జబ్బులు తెలుసు. ఇద్దరూ కలిస్తే ఒక మంచి వ్యాసం వస్తుంది.

ఢిల్లీలో నువ్వున్నావు కాబట్టి భారత అంతర్జాతీయ న్యాయ సంఘం లైబ్రరీ వదలొద్దు. చంద్రశేఖరరావు గారు కుర్రతనంలో పరిశోధన చేసింది అక్కడే. విదేశీ వాణిజ్య విద్యాసంస్థ ఐఐఎఫ్‌టీ కింద ప్రపంచ వాణిజ్య సంస్థ అధ్యయన కేంద్రం 1999 నుంచి, వాణిజ్య, పెట్టుబడుల న్యాయ కేంద్రం ఆ తర్వాత నుంచి ప్రభుత్వానికి సలహాలిస్తున్నాయి. చేపల వేట సబ్సిడీల చర్చలో చిన్న జాలర్లకు పాతికేళ్ల గడువు కావాలని మన దేశం వాదించింది గదా, అలాంటి వాదనలకు కావలసిన అధ్యయనం జరిగే చోట్లు ఇవే. అక్కడ ఇంటర్న్‌గా చేరితే జెనీవాలో వాడే కాగితం ఢిల్లీలో ఎలా వండుతారో చూస్తావు. విదేశాంగ శాఖ కూడా ఇంటర్న్‌లను తీసుకుంటుంది.

తర్వాతే విదేశం. హేగ్ అంతర్జాతీయ న్యాయ అకాడమీ 1923 నుంచి వేసవి కోర్సులు నడుపుతోంది, స్కాలర్‌షిప్పులిస్తుంది. హాంబర్గ్ సముద్ర న్యాయస్థానంలో మూడు నెలల ఇంటర్న్‌షిప్ ఉంది. మన లాంటి దేశాల పిల్లలకు ట్రస్టు ఫండ్ నుంచి సాయం అడగొచ్చు. అక్కడే 2007 నుంచి నిప్పన్ ఫౌండేషన్ సాయంతో తొమ్మిది నెలల శిక్షణ నడుస్తోంది. అది కొంత ఉద్యోగానుభవం వచ్చాక దరఖాస్తు వేయదగ్గది. మాల్టాలోని సముద్ర న్యాయ సంస్థ, స్వీడన్ మాల్మోలోని ప్రపంచ సముద్ర విశ్వవిద్యాలయం రెండూ అంతర్జాతీయ నౌకా సంస్థవే. కృష్ణపట్నం రేవు పక్కన పెరిగిన పిల్లకు అవి మరీ పరాయి చోట్లేం కావు.

ఐక్యరాజ్యసమితి సచివాలయం ఇంటర్న్‌షిప్ విషయంలో మాత్రం లెక్క వేసుకుని దిగు. రెండు నుంచి ఆరు నెలలు, జీతం ఉండదు. జెనీవాలో గది అద్దె విని మీ నాన్న మంచం పడతాడు. వాణిజ్య సంస్థ, ఐఎల్‌ఓ లాంటివి భత్యం ఇస్తాయి, ముందు వాటికి వెయ్. గుంట తాకట్టు పెట్టి జెనీవా పోవద్దు, అది నా కచ్చితమైన మాట. ఐక్యరాజ్యసమితి ఉద్యోగాలకు పెట్టే యంగ్ ప్రొఫెషనల్స్ పరీక్షకు 32 ఏళ్ల వయసు పరిమితి ఉంది. ఏ ఏడు ఏ దేశాలవాళ్లు రాయొచ్చో జాబితా వేస్తారు. ఆ ఏడు జాబితాలో మన దేశం లేకపోతే నీ ప్రతిభతో పనిలేదు. అందుకని ఆ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోకు. ఇంటి నుంచి చేయగలిగిన యూఎన్ వాలంటీర్ల ఆన్‌లైన్ పనులున్నాయి. ఉచితంగా దొరికే ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ ఉపన్యాసాల గ్రంథాలయం ఉంది. ఈ రెండింటికీ వీసా అక్కర్లేదు.

ఎక్కడైనా ఫీజు కడితే సీటు, పోస్టు అన్నారంటే అక్కడే ఆగిపో. ఐక్యరాజ్యసమితి నియామకంలో ఏ దశలోనూ డబ్బు అడగదు. అయిదు నక్షత్రాల హోటల్లో రెండు రోజులు 'మోడల్ యూఎన్' పెట్టి సర్టిఫికెట్ అమ్మేవాళ్లు బోలెడుమంది. మాట్లాడటం అలవాటు కావడానికి ఒకసారి పో, చాలు. నీతో చదివే యానాది పిల్ల, ఎస్సీ పిల్లవాడు ఉంటే కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ సంగతి చెప్పు. ఎస్సీలకు సామాజిక న్యాయ శాఖ, ఎస్టీలకు గిరిజన శాఖ ఇస్తాయి. తెలియక పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

చదువు తీరు మీద రెండు ముక్కలు. మూల పత్రాలు చదువు. ఒప్పందం పాఠం, తీర్పు, సమావేశంలో ఎవరేమన్నారన్న రికార్డు ముందు, వాటి మీద పండితుల వ్యాఖ్య తర్వాత. అంకెలంటే జంకొద్దు. సుంకం లెక్క, ఎగుమతి పట్టిక చదవలేని అంతర్జాతీయ సంస్థల విద్యార్థి సగం కళ్లు మూసుకున్నట్టే. ఫ్రెంచి ఇప్పుడే మొదలుపెట్టు. ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషల్లో అది ఒకటి, జెనీవాలో వీధి భాష కూడా. అన్నిటికంటే ముఖ్యం, ఇంగ్లీషులో రాసిన ప్రతి వ్యాసానికీ ఒక పేజీ తెలుగు రూపం రాయి. మీ నాన్న చదివి "ఓహో, ఇందుకా ఆ పరీక్ష" అనేటట్టు ఉండాలి. అలా అనలేదంటే లోపం ఆయనలో వెతకొద్దు, నీ పేజీ మళ్లీ రాయి.

పీహెచ్‌డీయా, ఉద్యోగమా అన్నావు. విషయం దొరికితే పీహెచ్‌డీ, దొరకకపోతే ఒక ఏడాది ఏదైనా చిన్న సంస్థలో పని. విషయం లేకుండా పీహెచ్‌డీలో చేరితే అయిదేళ్లూ గైడు మాట మీద నడవాల్సి వస్తుంది. గ్రూప్స్ రాయాలనుకుంటే తప్పేం లేదు, మత్స్య శాఖలోనో పరిశ్రమల శాఖలోనో ఈ చదువు వచ్చినవాళ్లు ఉంటే జిల్లాకు మేలే. కానీ భయపడి వెళ్లకు. కావాలనుకుని వెళ్లు. పెళ్లి మాటలు ఇంట్లో మొదలవుతాయి, మొదలైనా ఈ ఏడాది థీసిస్ పూర్తయ్యేదాకా నేను అడ్డం ఉంటాను. తిరస్కార ఉత్తరాలు వస్తాయి. ఏ ఉత్తరం దేన్ని అడిగినందుకు వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసుకో, తర్వాతి దరఖాస్తుకు అదే నీ గైడు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు తాబేలు-రొయ్య తీర్పు అచ్చు తీసుకుని రా, కోడెక్స్ ప్రమాణాల పట్టిక కూడా. పండగ మర్నాడు ముత్తుకూరు పోదాం. నీ ప్రశ్నలు పది రాసుకో, పదికి మించొద్దు. జవాబులు చెప్పే రైతులను కూర్చోబెట్టే పూచీ నాది.

మీ పెదనాన్న